ముట్టుకోని ముఖం

ఆ వీధిలో ఆవిణ్ణి అందరూ టచింగమ్మ అంటారు. ఫోటో స్టూడియోలో ఆవిడ పని అదే. ఫోటో తీసేది ఓనరు. తీసిన ముఖం మీద మొటిమల్నీ మచ్చల్నీ, నిద్రలేమి పూసిన నల్లటి నీడల్నీ తీసేసేది ఆవిడ. కెమెరాల్లో రీలు ఉన్న రోజుల్లో నెగటివ్‌ని లైటు పెట్టె మీద పరిచి, సన్నగా చెక్కిన పెన్సిలుతో, ఊపిరి బిగబట్టి, చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ బుగ్గల్లో గుంటలు పూడ్చేది. ఇప్పుడు మౌసు వచ్చింది. పెన్సిలు పోయింది గాని ఊపిరి బిగబట్టడం పోలేదు.

ఊళ్ళో సగం మంది ఆవిడ చేతికింద నుంచి వెళ్ళినవాళ్ళే. రోడ్డు మీద ఎవరైనా ఎదురైతే వాళ్ళ పేరు గుర్తు రాదు, తను ఏం తీసేసిందో గుర్తొస్తుంది. గడ్డం కింద కుట్టు. చెంప మీద కాలిన మచ్చ. ముక్కుకి రెండు పక్కలా కళ్ళజోడు నొక్కులు. పలకరిస్తే పలుకుతూనే, తను మాయం చేసిన మచ్చ ఇంకా అక్కడే ఉందా అని ఒకసారి చూసుకుంటుంది. ఉంటుంది. ఫోటోలోంచి పోయావని మచ్చకి ఎవరు చెబుతారు?

భర్త పోయి ఏడాది కావస్తోంది. ఆయన రంగుల పనివాడు. ఇళ్ళకీ గేట్లకీ నీళ్ళ ట్యాంకులకీ రంగులు వేసేవాడు. ఊపిరితిత్తులు పాడై పోయాడు. ఆ రోజు ఆవిడ ఏడవలేదు. ఆ తర్వాతా ఏడవలేదు. కొద్ది రోజులకే పనిలోకి వెళ్ళింది. వెళ్ళి మొదట చేసిన పని, గోడకి పెట్టడానికి ఆయన ఫోటో పెద్దది చెయ్యడం. ఆసుపత్రిలో చేరడానికి ముందు తీసిన ఫోటో అది. అప్పటికే బుగ్గలు లోపలికి పోయాయి, పెదవులు నల్లబడ్డాయి. ఆవిడ చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. బుగ్గలు నిండాయి. పెదవులకి రంగొచ్చింది. ఎండలో నిచ్చెనల మీద సంపాదించుకున్న నుదుటి గీతలు, తీగ మీంచి పిట్టలు లేచిపోయినట్టు, ఒక్కొక్కటే పోయాయి. చాలా బాగా వచ్చిందన్నారు అందరూ. ఫ్రేము గోడకెక్కింది.

కొన్నాళ్ళకి గాని ఆవిడకి తెలియలేదు, ఆయన అసలు ముఖం గుర్తు రావడం లేదని. కళ్ళు మూసుకుంటే ఫ్రేములో ఉన్న ఆ నున్నటి మనిషే వస్తాడు. మొదటిసారి ఇంటికొచ్చిన చుట్టంలా మర్యాదగా కూర్చుంటాడు. ఆ చుట్టంతో ఏం మాట్లాడాలో తెలియక ఆవిడ కళ్ళు తెరిచేస్తుంది. పాత ఫోటోలు వెతికింది. పెళ్ళిది, గృహప్రవేశానిది, స్కూటరు కొన్న రోజుది. అన్నీ తన స్టూడియోలో కడిగినవే. అన్నిటి మీదా తన పెన్సిలు తిరిగింది.

"రాయివైపోయావే నువ్వు," అనేది వదిన. ఆయన అక్క. స్కూల్లో ఆయాగా చేసి మానేసింది. ఆవిడ ఆ ఇంటికి కాపరానికొచ్చేసరికే వదిన అక్కడ ఉంది, ఇప్పుడు ఇద్దరే మిగిలారు. "టీ పెట్టాను, చల్లారిపోయింది. మళ్ళీ పెట్టాను. అదీ చల్లారిపోయింది. నా గ్యాసు బండంతా నీ టీకే సరిపోయేట్టుంది."

"తాగుతాను వదినా."

"ఆ మాటా చల్లారిపోయింది, ఇంకోటి చెప్పు."

ఆవిడ నవ్వాలనుకుంది. నవ్వు ఎక్కడో పక్క గదిలో ఉన్నట్టూ, తలుపు దగ్గరగా వేసున్నట్టూ అనిపించింది. లేచి వెళ్ళి తియ్యాలంతే. లేవాలనిపించలేదు.

అలాంటి ఒక సాయంత్రం, దూరదేశం నుంచి ఫోనొచ్చింది.

పెళ్ళికి ముందు ఆయన ఆ దేశం వెళ్ళి ఒక పెద్ద ఇనప వంతెనకి రంగు వేసొచ్చాడు. ఇక్కణ్ణుంచి ఒక గుంపుగా వెళ్ళారు. పని అయ్యాక గుంపంతా తిరిగొచ్చింది గాని, వాళ్ళ మేస్త్రీ మాత్రం అక్కడే పెళ్ళాడి ఉండిపోయాడు. ఫోను చేసింది ఆయనే.

"చెల్లెమ్మా, నేను మేస్త్రీని. మీ ఆయన చెప్పే ఉంటాడు, పిసినిగొట్టు మేస్త్రీ అని."

"చెప్పేవారు అన్నయ్యగారూ."

"నీకు చెప్పుకుంటే ఫర్వాలేదమ్మా. ఇక్కడ వంతెనకి కూడా చెప్పాడు."

ఆ కథ ఇంట్లో అందరికీ తెలిసిందే. పని ఆఖరిరోజు ఆయన ఒక దూలం లోపలి వైపు, ఎండా వానా తగలని చోట, తెల్లరంగులో ముంచిన సన్నకుంచెతో తన పేరు రాశాడు. దాని కింద, మన అక్షరాల్లోనే, 'మేస్త్రీ పిసినిగొట్టు, టీ కూడా ఇప్పించడు' అని రాశాడు. గుంపు తిరిగొచ్చేశాక ఆ నది మీద అది చదవగలిగినవాడు మేస్త్రీ ఒక్కడే మిగిలాడు.

"ఇన్నేళ్ళూ పడవలో ఆ కింద నుంచి పోయినప్పుడల్లా నా తిట్టు నేనే చదువుకుంటూ పోయాను. మొన్ననే ఎవరో చెప్పారు, మనవాడు లేడని. ఆ మర్నాడే ఇంకో మాట తెలిసింది. వంతెన మొత్తం గీకి కొత్తరంగు వేస్తున్నారట, చలికాలం వచ్చేలోపు. నీకు చెప్పకుండా గీకనిస్తే బాగుండదనిపించింది."

"మొత్తం పోతుందా అన్నయ్యగారూ?"

"ఇసకతో కొడతారమ్మా. కింద ఇనుము తేలేదాకా."

ఫోను పెట్టేసి ఆవిడ కాసేపు నిలబడింది. కిటికీలోంచి ఎదురింటి డాబా మీద ఆరేసిన దుప్పటి కనిపిస్తోంది. గాలికి ఉబ్బి, దిగి, ఉబ్బి, ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుంది.

"వదినా, నేను వెళ్ళి చూసొస్తాను," అంది.

ఏడాదిలో ఆవిడ ఇది కావాలి అని అడిగిన మొదటి సంగతి అది. వదినకి ఆ సంగతి తెలుసు. తెలిసినా నోరు ఊరుకోదు కదా.

"ఓ ఫోటో తీసి పంపమంటే పోయేదానికి విమానమెందుకే?"

"ఫోటో వద్దు వదినా. ఫోటోలో ఏముంటుందో నాకు తెలుసు."

వదిన ఫ్రేము వైపు చూసింది. ఆయనది అంటూ, తన చెయ్యి పడనిది లోకంలో ఆ ఒక్క రాతే మిగిలిందని ఆవిడ పైకి చెప్పలేదు. చెప్పకుండానే ఆ గదిలో అది అందరికీ తెలిసినట్టుగా ఉంది.

వీసా దరఖాస్తు స్టూడియో కంప్యూటర్లోనే నింపారు. ఓనరు కుర్చీలో కూర్చున్నాడు, ఆవిడ స్టూలు మీద. ఓనరు ఆవిడకంటే చిన్నవాడు. స్టూడియో వాళ్ళ నాన్నది. లైటు పెట్టె ముందు ఆవిడ పెన్సిలు చెక్కుతుంటే ఆ పొట్టు ఏరుకుంటూ పెరిగాడు.

"వెళ్ళే కారణం... పర్యటన. సరే. చూడబోయే ప్రదేశాలు ఏంటమ్మా?"

"వంతెన."

"ఇంకా?"

"వంతెన కింద."

ఓనరు కీబోర్డు మీంచి చేతులు తీశాడు. "వంతెన ఒక్కటే రాస్తే, పడగొట్టడానికి వస్తున్నారేమో అనుకుంటారమ్మా. టూరిస్టన్నాక పదిచోట్ల తిరగాలి. పార్కో మ్యూజియమో ఏదో ఒకటి చెప్పండి."

"పార్కు రాయండి."

"మ్యూజియం?"

"రాయండి."

అలా ఆవిడ చూడాలనుకోని ఊరొకటి ఆ తెర మీద తయారైంది. పూలతోట, గడియారాల మ్యూజియం, నది ఒడ్డున నడక. ఆ నడిచే మనిషి ఎవరో హాయిగా ఉన్న మనిషిలా ఉంది. ఆవిడకి ఆ మనిషి మీద అసూయ కూడా కలగలేదు.

ఫోటో సంగతి వచ్చేసరికి ఓనరు హుషారయ్యాడు. వీసా ఫోటోకి నియమాలున్నాయి. వెనక తెల్లతెర, రెండు చెవులూ కనబడాలి, ముఖం మీద నీడ పడకూడదు, నవ్వకూడదు. గొడుగు లైట్లు రెండూ సరిచేసి, 'నవ్వొద్దు' అనబోయి ఆగాడు. ఆవిడకి ఆ మాట చెప్పక్కర్లేదు. ఒకటి తీశాడు. "బాగుందమ్మా, ప్రింటు మీరే వేసుకోండి," అని బయట ఎదురుచూస్తున్న పెళ్ళివాళ్ళ దగ్గరికి వెళ్ళాడు.

వీసా సెంటరు ఒక పెద్ద భవనంలో పై అంతస్తులో ఉంది. గుమ్మం దగ్గర ఫోను ఆపించేశారు, సంచీ తడిమారు, టోకెను ఇచ్చారు. లోపల వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. అందరూ ఒళ్ళో ఫైళ్ళు పెట్టుకుని, నిద్రపోతున్న పిల్లల్ని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. గోడ మీద మంచు కొండ బొమ్మ. దాని ముందు ఏసీ చల్లగా వీస్తుంటే అందరూ అప్పుడే ఆ కొండ దగ్గరికి వెళ్ళిపోయినట్టు ముడుచుకున్నారు.

ఆవిడ టోకెను పిలిచారు. అద్దం వెనక ఉన్న అమ్మాయికి కుడి కనుబొమ్మ మీద సన్నటి కోత ఉంది. చిన్నప్పుడు దేనికో తగిలింది. ఆవిడ చూపు నేరుగా అక్కడికే పోయింది. రెండు నిమిషాల పని, అనుకుంది.

ఆ అమ్మాయి ఫైల్లోంచి ఫోటో తీసి, అద్దానికి ఆనించి, ఆ పక్కనే ఆవిడ ముఖాన్ని చూసింది.

"మేడమ్, ఇది మీరేనా?"

"నేనే."

"ఎప్పుడు దిగారు?"

"మొన్న."

"మొన్న దిగినావిడ మీకంటే బాగా చిన్నావిడలా ఉంది మేడమ్. దీన్ని మార్చారు. మార్చిన ఫోటో తీసుకోం."

"మార్చలేదండి."

అబద్ధమని ఆవిడ అనుకోలేదు. ఆ గొంతు విని ఆ అమ్మాయి కూడా తటపటాయించింది.

"పోనీలెండి. కింద గేటు పక్కన ఫోటో మిషనుంది. అందులో దిగి తెచ్చెయ్యండి, ఇవాళే అయిపోతుంది."

ఆవిడకి ఎప్పుడో మరిచిపోయిన పౌరుషం లాంటిది కొద్దిగా కదిలింది. "మాది ఫోటో స్టూడియో అండి."

"అదే కదా మేడమ్ గొడవ," అంది ఆ అమ్మాయి, ఫైలు వెనక్కి తోస్తూ.

మళ్ళీ రావాలంటే మళ్ళీ తేదీ తీసుకోవాలి. దొరికింది పై వారంలో.

స్టూడియోలో ఓనరు ఆ మాట విని మండిపడ్డాడు. "మార్చామా? మనమా? వాళ్ళకి కళ్ళు లేకపోతే మనమేం చేస్తాం?" అంటూ కంప్యూటర్లో తను తీసిన ఫోటో తెరిచాడు. దాని పక్కన ప్రింటు వేసిన ఫోటో తెరిచాడు. నోరు మూసుకున్నాడు. వెంటనే మొదటి ఫోటో మూసేశాడు.

"చేశారమ్మా," అన్నాడు మెల్లగా.

ఆవిడకి గుర్తులేదు. ప్రింటు వేస్తున్నప్పుడు పెళ్ళికూతురి తల్లి పక్కన నిలబడి, అమ్మాయి మెడ కాస్త పొడుగ్గా కనిపిస్తే బాగుంటుందని అడుగుతోంది. మెడ పొడుగు చేస్తే నగ కిందికి జారినట్టుంటుందని తను చెబుతోంది. ఆ మాటల మధ్య చెయ్యి తన దారిన తాను పోయింది. ఇన్నేళ్ళుగా తెర మీదికి వచ్చిన ఏ ముఖాన్నీ ఉన్నదున్నట్టు వదల్లేదు అది. ఈ ముఖం తన యజమానురాలిదని దానికి మాత్రం ఏం తెలుసు?

ఇంటికెళ్ళి చెబితే వదిన నుదురు కొట్టుకుంది. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని—" అని, నాలుక కరుచుకుంది.

ఆవిడ ఏమీ అనుకోలేదు. అనుకోవాలేమోనని లోపల వెతికింది. ఖాళీ ఇంట్లో స్విచ్చి వేసినట్టు టిక్కుమన్న చప్పుడే వచ్చింది గాని వెలుతురు రాలేదు.

ఆ వారంలో మేస్త్రీ మళ్ళీ ఫోను చేశాడు. "పరంజా కట్టేశారు చెల్లెమ్మా. అవతలి గట్టు నుంచి కొట్టుకొస్తున్నారు. మనవాడి దూలం ఇవతలి గట్టు దగ్గర. ఇంకా టైముంది గాని, మరీ తాపీగా ఉంటే కుదరదు."

"వస్తాను అన్నయ్యగారూ."

"నేను రోజూ ఒడ్డుకెళ్ళి చూస్తున్నాలే. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి గాని, నా తిట్టు నేను కాపలా కాసుకోవాలి కదా."

రెండో ఫోటోకి ఓనరు గట్టి ఏర్పాటు చేశాడు. తనే తీశాడు. ఆవిణ్ణి కంప్యూటరు దరిదాపులకి రానివ్వలేదు. "మీరు ఆ స్టూలు మీదే కూర్చోండి. చేతులు ఒళ్ళో పెట్టుకోండి. ఇటు చూడొద్దు. దొంగకి తాళాలిచ్చినట్టు మీకు మౌసిస్తే ఇంక అంతే," అన్నాడు. ప్రింటు వేసి, కత్తిరించి, కవరులో పెట్టి, కవరు అంటించి మరీ ఇచ్చాడు. ఇస్తూ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. జలుబేమో అనుకుంది ఆవిడ.

మళ్ళీ అదే మంచు కొండ, అవే కుర్చీలు, అదే అమ్మాయి. ఆ అమ్మాయి కవరు చింపి, ఫోటో చూసి, ఆవిణ్ణి చూసి, తల కాస్త పక్కకి వంచింది.

"మేడమ్, మీరు మళ్ళీ..."

"నేను ముట్టుకోలేదమ్మా. నిజం."

"ఎవరో ముట్టుకున్నారు. చూడండి." ఫోటో అద్దానికి ఆనించి వేలితో చూపించింది. "ఇక్కడ, కళ్ళ కింద. మీకున్నవి ఇందులో లేవు."

ఆవిడ ఫోటోని ఆ పని తెలిసిన మనిషిలా చూసింది. కళ్ళ కింద చర్మం నున్నగా, అలికినట్టు ఉంది. అంచులు సరిగా కలపలేదు. తను చేసి ఉంటే కనిపించేది కాదు. ఆ చెయ్యి ఎవరిదో తెలిసిపోయింది. వాడికి తనే నేర్పింది.

మెట్ల దగ్గరికొచ్చి ఫోను ఆన్ చేసి ఓనరుని పిలిచింది. "ఏం చేశావురా?" అంది. ఇన్నేళ్ళలో వాణ్ణి 'రా' అన్నది లేదు, వాడు నిక్కర్లు మానేశాక.

అవతల స్టూడియోలో గోడ ఫ్యాను కిర్రుమనడం వినిపిస్తోంది.

"కొంచెమే అమ్మా. కళ్ళ కింద ఒక్కచోటే. పెద్దగా చేసి చూసేసరికి... చూళ్ళేకపోయాను."

"వాళ్ళు తీసుకోలేదు."

"తప్పైపోయిందమ్మా. తిట్టండి."

"పెళ్ళివాళ్ళ ఆల్బమ్‌లో మెడ సంగతి చూడు. పొడుగు చెయ్యొద్దు," అని పెట్టేసింది.

లోపలికొచ్చి అద్దం దగ్గర నిలబడింది. "ఆ మిషను ఎక్కడన్నారు?" అని అడిగింది. ఆ అమ్మాయి గడియారం చూసింది. "గేటు పక్కనే మేడమ్. నేను కౌంటరు మూసేలోపు తెండి. టోకెను అక్కర్లేదు, నేరుగా నా దగ్గరికి రండి."

మిషను ఒక ఇనప బీరువాలా ఉంది, పక్కన పొట్టి గుడ్డ తెర. లోపల తిరిగే స్టూలు. ఎత్తు సరిపోవడానికి దాన్ని చేత్తో తిప్పాలి. ఆవిడ తిప్పి కూర్చుంది. ఎదురుగా నల్లటి గాజు. గొంతొకటి, మనిషిదే గాని మనిషి లేని గొంతు, నేరుగా చూడండి అంది. జుట్టు చెవుల వెనక్కి పెట్టుకోండి అంది. పెట్టుకుంది. నవ్వకండి అంది. ఇన్నాళ్ళలో ఆ మాట ఆవిడకి చెప్పడానికి సంకోచించనిది ఈ మిషనొక్కటే అనుకుంది.

వెలుగు పడింది. గొడుగు వెనక నుంచి మెత్తగా వచ్చే స్టూడియో వెలుగు కాదు. తలుపు తోసుకుని వచ్చినట్టు పడింది.

బయటికొచ్చి నిలబడితే పక్కనున్న చిన్న అరలోకి ఫోటోల ముక్క జారింది. ఒకే ముఖం, నాలుగుసార్లు.

ఆవిడ చూసింది.

కళ్ళ కింద గోధుమరంగు సంచులు. అవి ఏడవనివాళ్ళకి వచ్చేవి. ఆ తేడా ఆవిడకి తెలుసు, ఏడ్చినవాళ్ళవి ఎర్రగా ఉంటాయి, తేలిగ్గా పోతాయి. పెదవుల చివర్లు కిందికి దిగి అక్కడే ఉండిపోయాయి. బుగ్గలు లోపలికి పోయాయి. గడ్డం కింద చర్మం వదులై, ఎవరో పట్టుకుని వదిలేసిన చీరకుచ్చులా ఉంది. వదిన రోజూ టీ పట్టుకొచ్చి చూస్తున్న ముఖం ఇది. ఓనరు తెర మీద చూసి మూసేసిన ముఖం ఇది. తనొక్కతే చూళ్ళేదు. ఆ నాలుగు ముఖాల మీదా ఎవరి దయా లేదు.

బొటనవేలు దానంతట అదే వెళ్ళి ఒక ఫోటోలో కన్ను కింద రుద్దింది. రంగు ఇంకా ఆరలేదు. కన్ను పక్కకి సాగి, చెంప మీదికి నల్లటి చారగా దిగింది. ఏడ్చినట్టుగా ఉంది అది. మిగతా మూడూ బాగానే ఉన్నాయి. ఆవిడ వేలు చీరకి తుడుచుకుని, చేతిని వెనక్కి పెట్టుకుని, ఫోటోల ముక్కని రెండోచేత్తో అంచు పట్టుకుని పైకి నడిచింది.

కౌంటరు అమ్మాయి ఫోటోని అద్దానికి ఆనించింది. ఈసారి ఫోటో వైపు ఎక్కువసేపు చూసింది, ఆవిడ వైపు తక్కువ.

"ఇది మీరే మేడమ్," అంది.

"అవునమ్మా."

ఆ అమ్మాయి వేలిముద్రలకని ఆవిడ వేళ్ళు గాజు మీద పెట్టించింది. కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. "పార్కు, గడియారాల మ్యూజియం... మీకు గడియారాలంటే ఇష్టమా?"

"లేదండి. మా ఆయన అక్కడ ఒక వంతెన కింద పేరు రాశారు. దాన్ని గీకేస్తున్నారు. అది చూడ్డానికి వెళ్తున్నాను. మిగతావి ఫారంలో ఖాళీ ఉందని రాశాం."

ఆ అమ్మాయి రాయడం ఆపింది. "మీ ఆయన కూడా వస్తున్నారా?"

"లేరండి."

"సారీ మేడమ్." అడగాల్సిన ప్రశ్న కాబట్టి అడిగింది. "మళ్ళీ తిరిగొస్తారని ఎలా అనుకోవాలి? ఇక్కడ ఏముంది మీకు?"

ఆవిడ ఆలోచించింది. ఏముంది? చల్లారే టీ ఉంది. మెడ పొట్టి పెళ్ళికూతురుంది.

"మా వదినుంది. నేను రాకపోతే తిట్టడానికి ఆవిడకి ఎవరూ ఉండరు," అంది.

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంది. కనుబొమ్మ మీద కోత కొద్దిగా పైకి లేచి వంగింది. అది లేకపోతే ఆ నవ్వు అంత బాగుండేది కాదని ఆవిడకి తోచింది. ఎందుకు తోచిందో తెలియలేదు. "అలాగే రాస్తాను మేడమ్. నిర్ణయం మా చేతుల్లో లేదు, పైకి పంపుతాం," అంది ఆ అమ్మాయి.

తర్వాత ఎదురుచూపు. ఆవిడ పనికి వెళ్ళింది, వచ్చింది. తెర మీదికి ముఖాలు వస్తున్నాయి, పోతున్నాయి. చెయ్యి మాత్రం ఇదివరకటంత తొందరగా కదలడం లేదు. ఒక ముసలాయన ఫోటో వచ్చింది, పింఛను కోసం. ఆయన నుదుటి మీద గీతల దగ్గర మౌసు ఆగింది. ఓనరు వెనక నిలబడి చూస్తున్నాడు. ఆవిడ అలాగే ప్రింటు వేసింది. ముసలాయన తీసుకుని, దూరం పెట్టి దగ్గర పెట్టి చూసి, "నేనే," అని జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

మేస్త్రీ ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. సగం దాటారు. ఇంకో నాలుగు దూలాలు. వానొచ్చి రెండురోజులు ఆపారు, మనకి మంచిదే. ఆయన మాటల్లో వంతెన మెల్లగా చివరికంటా కరిగిపోతోంది. ఆ చివర ఒక తెల్లటి తిట్టు ఆవిడ కోసం ఆగి ఉంది.

పాస్‌పోర్టు కొరియర్లో వచ్చింది. సంతకం పెట్టింది వదినే. కవరు చింపిందీ తనే. ఆవిడ పని నుంచి వచ్చేసరికి వదిన పాస్‌పోర్టుని మంచం మీద తెరిచిపెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, దాని ముందు కూర్చుని ఉంది. ఒక పేజీ నిండా వీసా అంటించి ఉంది. దాని ఎడమపక్క, మిషను తీసిన ముఖం.

"ఇచ్చారే," అంది వదిన.

"ఇచ్చారా?"

"ఇచ్చారు. ఇలాంటి ముఖం చూసి కూడా టూరిస్టని నమ్మారంటే వాళ్ళు మంచివాళ్ళే అయ్యుంటారు."

ఆవిడ పక్కన కూర్చుంది. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూసింది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యడానికి కాలితో కొడుతున్నారు, అది గురగురమని ఆగిపోతోంది, మళ్ళీ కొడుతున్నారు. మేస్త్రీకి ఫోను చేసింది. శనివారం బయల్దేరుతున్నానని చెప్పింది.

"రా చెల్లెమ్మా. మనవాడి పక్క దూలం దగ్గరున్నారు. నేను ఆ కుర్రాళ్ళతో మాట్లాడి టీ ఇప్పిస్తున్నాను, రోజుకి రెండుసార్లు, కాస్త మెల్లగా కొట్టమని. నీ మొగుడు చూస్తే నవ్విపోయేవాడు, ఎంత ఖర్చు పెట్టిస్తున్నాడో చూడు. పడవ మాట్లాడి ఉంచుతాను. సరిగ్గా ఆ కిందికే తీసుకెళ్తాను."

ఫోను పెట్టేశాక ఇద్దరూ సూటుకేసు దించారు. ఒక స్వెట్టరు పెట్టాలా రెండు పెట్టాలా అని వదిన తనలో తనే వాదించుకుని, రెండూ పెట్టింది. ఆవిడ మడతపెట్టిన చీరని మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెడుతూ ఉండిపోయింది.

"ఏంటే?"

"భయమేస్తోంది వదినా."

"విమానమా?"

"కాదు." చీర అంచుని అంచుతో కలిపింది. "ఇంతా చేసి అక్కడికెళ్ళి, ఆ దూలం కింద నిలబడి, ఆయన చేతిరాత చూసి... అప్పుడు కూడా ఏమీ అనిపించకపోతే?"

వదిన ఆ చీరని ఆవిడ చేతుల్లోంచి తీసుకుంది. నాలుగు మడతలు వేసి సూటుకేసులో పెట్టి, అరచేత్తో ఒకసారి నొక్కింది.

"అనిపించకపోతే తిరిగొచ్చెయ్. టూరిస్టు వీసాయేగా," అంది.